వీరభద్రం గారి పట్టీ ఇరుకైంది

దివాకరం గారు శనాదివారాల్లో వైజాగ్ వెళ్లి ఓ హోటల్లో షేర్ల క్లాసు విని రావడమే ఈ గొడవంతటికీ మూలం. ఆయన ఆ రెండ్రోజులూ ఇంట్లో పడుకుని ఉంటే, రాష్ట్ర చాప-చీపురు అభివృద్ధి సంస్థ వారి కాకినాడ ప్రాంతీయ కార్యాలయం ఎవరికీ ఉపకారమూ అపకారమూ చెయ్యకుండా ఇవాళ్టికీ హాయిగా నడుస్తూ ఉండేది. కానీ ప్రాంతీయ మేనేజరు అన్నాక ఏదో ఒకటి నేర్చుకోవాలనిపిస్తుంది. నేర్చుకున్నాక ఎవరో ఒకరి మీద ప్రయోగించాలనిపిస్తుంది.

ఆ క్లాసులో మాస్టారు తెర మీద మూడు గీతలు గీసి చూపించాడట. మధ్య గీత షేరు సగటు ధర. పైనొక గీత, కిందొక గీత. ఆ రెండింటి మధ్యా ఉండేది పట్టీ. వీటిని బోలింజర్ బ్యాండ్స్ అంటారు. ధర ఎగిరెగిరి పడుతుంటే పట్టీ వెడల్పవుతుంది. ధర కదలకుండా కూర్చుంటే పట్టీ ఇరుకైపోతుంది. దాన్ని స్క్వీజ్ అంటారు. ఇక్కడ మాస్టారు గొంతు తగ్గించి, "షేరు ఊగుతుంటే భయపడకండి. మెదలకుండా ఉందా, అప్పుడు భయపడండి. పెద్ద పేలుడు రాబోతోందన్నమాట" అన్నాడట.

"పైకి పేలుతుందా, కిందికి పేలుతుందా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారట.

"అది ఈ సూచిక చెప్పదు" అని మాస్టారు టీ విరామం ప్రకటించాడట.

దివాకరం గారు సోమవారమే ఓ బంక కంపెనీ షేరు కొన్నారు. దాని పట్టీ దారమంత సన్నగా ఉంది. గురువారానికి పేలనే పేలింది, కిందికి. ఇంకొకళ్లయితే సూచికని అనుమానించేవారు. దివాకరం గారు షేర్లని అనుమానించారు. ఇంత గొప్ప శాస్త్రాన్ని బంక కంపెనీల మీద పెట్టి పాడుచేస్తున్నారు, ఇది మనుషుల మీద పెట్టాల్సింది అని ఆయనకి తోచింది. మనుషులు ఆయన చేతికింద ఉండనే ఉన్నారు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునదేమనగా, ప్రతి ఉద్యోగి యొక్క స్వభావ ఒడిదొడుకులు నేటి నుండి శాస్త్రీయముగా కొలవబడును. సాయంత్రము ఐదు గంటలకు ఉద్యోగి ఏ స్థాయి కోపతాపములలో ఉండునో అదియే అతని ముగింపు ధరగా పరిగణింపబడును. పట్టీ ఇరుకైన ఉద్యోగి విస్ఫోటన యోగ్యునిగా గుర్తింపబడి, ప్రజాప్రయోజనార్థము జనసంచారము లేని ప్రదేశమునకు బదిలీ చేయబడును."

హాల్లో గోడ నిండా చార్టులు వెలిశాయి, మనిషికొకటి. షేర్ల చార్టుల్లో ధర పెరిగితే, తగ్గితే గీసే కొవ్వొత్తి బొమ్మల్లాగే, ఎవరైనా అరిస్తే ఆకుపచ్చ కొవ్వొత్తి, ముడుచుకుని కూర్చుంటే ఎర్ర కొవ్వొత్తి. దివాకరం గారు చేతిలో రెండు స్కెచ్ పెన్నులు పట్టుకుని రోజంతా తిరుగుతూ, ఎవరు తలుపు ఎంత గట్టిగా వేస్తున్నారో, ఎవరి ముక్కుపుటాలు అదురుతున్నాయో చూసి మార్కులు వేసేవారు.

ఈ కొత్త ఏర్పాటులో ముందుగా వెలుగులోకి వచ్చినవాడు అకౌంట్స్ జోగేశ్వర్రావు. జోగేశ్వర్రావు సోమవారం ఫ్యాను మీదకి ఫైలు విసురుతాడు, మంగళవారం ఆ ఫైలుని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తాడు. అతని పట్టీ మెయిన్ రోడ్డంత వెడల్పుగా తేలింది. ఓ రోజు కోపమొచ్చి కీబోర్డుని కొరికాడు. జనం హడలిపోయి దివాకరం గారి గదిలోకి పరిగెత్తారు. ఆయన తీరిగ్గా వచ్చి చార్టు చూసి, "పట్టీ లోపలే ఉంది. ఆందోళన అనవసరం" అని వెళ్లిపోయారు. వారం తిరక్కుండా జోగేశ్వర్రావుని కార్యాలయ శాంతిభద్రతల ఇన్‌ఛార్జిగా వేశారు.

ఇక రెండోవాడు వీరభద్రం గారు.

పంపన వీరభద్రం గారు చీపుళ్ల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. అంత పేరు పెట్టిన తల్లిదండ్రులు ఏం ఆశించారో గానీ, ఆయన గొంతెత్తగా విన్నవాళ్లు లేరు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే "పర్వాలేదండి, నేనే సరిగ్గా పెట్టలేదు" అంటారు. ఆయన చార్టులో పై గీత, మధ్య గీత, కింది గీత ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతయి కూర్చున్నాయి. దివాకరం గారు భూతద్దం తెప్పించి చూశారు. భూతద్దంలోనూ ఒకటే గీత.

వీరభద్రం గారికి పిలుపొచ్చింది.

"మీకు ఎప్పుడైనా కోపం వచ్చిందా?" అనడిగారు దివాకరం గారు.

"గుర్తు లేదండి."

"పోనీ, ప్రయత్నించారా?"

"అవసరం పడలేదండి."

దివాకరం గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "వీరభద్రం గారూ, మీరు భయంకరమైన మనిషండి. ఇన్నాళ్ల కోపం ఎక్కడ దాచారండి?"

"దాచలేదండి. లేదండి."

"అదే! స్క్వీజ్‌లో ఉన్న ప్రతి షేరూ అదే మాటంటుంది!"

అప్పట్నించి వీరభద్రం గారి చుట్టూ జాగ్రత్తలు మొదలయ్యాయి. ఆయన బల్ల మీంచి పేపర్ వెయిట్లు తీసేశారు. స్టేప్లర్ తీసేసి జిగురు సీసా ఇచ్చారు. టీ చల్లారబెట్టి ఇమ్మని క్యాంటీన్‌కి చెప్పారు. గోడవార ఉన్న నమూనా చీపుళ్లని, అందులో కొన్ని గట్టివి కాబట్టి, తాళంపెట్టి దాచారు. కుర్చీ పక్కన ఇసక బక్కెట్టు వేలాడదీశారు. స్టెనో ఇందుమతి ప్రతి పొద్దునా గుళ్లో కుంకుమ తెచ్చి ఆయన బల్ల మీదికి దూరం నుంచే విసిరేది. జోగేశ్వర్రావంతటివాడు, కోపం వస్తే గది దాటి వెళ్లి అవతల అరిచి వచ్చేవాడు, వీరభద్రం గారు ఎక్కడ అదిరిపడతారోనని.

వీరభద్రం గారికి ఇదంతా చాలా ఆప్యాయంగా అనిపించింది. ఇన్నాళ్లూ తనని ఎవరూ ఇంత పట్టించుకోలేదు. ఆయన మనసు ఇంకా చల్లబడింది, పట్టీ ఇంకా ఇరుకైంది.

ఓ రోజు మధ్యాహ్నం ఆయన చేతికి మెమో వచ్చింది. పక్షం రోజుల్లో పట్టీ వెడల్పు కాని పక్షంలో ఏజెన్సీ కొండల్లో ఉన్న సంస్థ వారి గెడ్డవలస కొండచీపుళ్ల డిపోకి బదిలీ. అక్కడ ఒక రేకుల షెడ్డు ఉంది. షెడ్డు నిండా చీపుళ్లున్నాయి. మనుషులు లేరు. "విస్ఫోటనము సంభవించినను సంస్థకు చీపుళ్ల నష్టము తప్ప ప్రాణనష్టము ఉండదు" అని కూడా రాశారు.

మెమో చదివాక వీరభద్రం గారు మొదటిసారి బెంగపడ్డారు. దానికో కారణం ఉంది. ఆయన భార్య మంగతాయారు మున్సిపల్ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. పెళ్లయిన దగ్గర్నించీ ఆవిడ ఒక ఊళ్లో, ఈయన ఒక ఊళ్లో. ఆవిడకి బదిలీ అయితే ఈయనకి కాదు, ఈయనకయితే ఆవిడకి కాదు. ఆదివారాల సంసారం. జుట్టు నెరిశాక, కిందటేడే ఇద్దరికీ కాకినాడ దక్కింది. సాయంత్రం ఆఫీసు గేటు దగ్గరికి ఆవిడ స్కూటరు వేసుకొస్తుంది. ఇంటికెళ్లి వరండాలో పక్కపక్కన కూర్చుని టీ తాగుతారు. ఆయన జీవితంలో కోరుకున్నది అంతే. అది దొరికి ఏడాదే అయింది. దాన్ని వదులుకోవాల్సొస్తుందనుకుంటే ఆయనకి ఏడుపొచ్చింది. అది కూడా పైకి రాలేదు.

ఆ సాయంత్రం మెమో చదివి మంగతాయారు పగలబడి నవ్వింది. తర్వాత కింద సంతకం చూసి నవ్వు ఆపేసింది.

"అయితే ఇప్పుడు మీరు అరవాలి. అంతేగా?"

"ఎవరి మీదే?"

"ముందు నామీద అరవండి. లేవండి. సావధాన్!"

చీర మీదికి బూట్లు, మెడలో ఈల. మంగతాయారు ఆ ఈల పెళ్లిళ్లకెళ్లినా తియ్యదు. వరండాలోనే శిక్షణ మొదలైంది. కాళ్లు ఎడం చెయ్యమంది. గాలి పీల్చమంది. వంకాయకూర గిన్నె తెచ్చి ముందు పెట్టి, దీనికి వంకపెట్టి అరవమంది.

వీరభద్రం గారు గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. "ఏం కూరే ఇది!" అన్నారు.

"శభాష్! ఇంకా?"

"ఏం కూరే ఇది... కారం ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టావు. ఎలా చేశావే బాబూ!"

"తిట్టమంటే మెచ్చుకుంటారేంటండీ!"

"బాగుంటే ఏవనను మంగా?"

ఆవిడ మర్నాడు కూర పాడుచేసి పెట్టింది. అందులో ఉప్పు చూసి ఆయన, "పాపం, బళ్లో అలసిపోయుంటావు" అని రెండోసారి వడ్డించుకున్నారు.

అయినా డ్రిల్లు టీచరు అంత తేలిగ్గా వదుల్తుందా? నాలుగు రోజులు తోమాక, వీరభద్రం గారు ఓ ఉదయం పదకొండింటికి ఆఫీసులో లేచి నిలబడి, ఎదురుగా మనుషులెవరూ బాధపడకుండా సీలింగు ఫ్యానుని చూసి, "ఎందుకలా తిరుగుతున్నావ్?" అని అరిచారు. అరిచి, వెంటనే, "గాలి బాగానే వస్తోందిలే" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇందుమతి కళ్లు తుడుచుకుంది. దివాకరం గారు మాత్రం స్కెచ్ పెన్ను మూత కూడా తియ్యలేదు.

"మధ్యలో ఎంత ఎగిరినా లెక్కలోకి రాదండి. ముగింపు ధరే ప్రమాణం. ఐదింటికి అరవండి" అన్నారు.

ఇదే వీరభద్రం గారి ప్రాణాంతకమైన ఇబ్బంది. పదకొండింటికైతే ఎలాగో అరవగలరు. ఐదింటికి చేతకాదు. నాలుగున్నర దాటితే చాలు, గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడు కోసం చెవి అటే ఉంటుంది. ఐదయ్యేసరికి ఆయన మొహం చేటంతవుతుంది. రోజు మొత్తమ్మీద ఆయన అంత ప్రశాంతంగా ఉండే ఘడియ ఇంకొకటి లేదు. ముగింపు ధర రోజూ ఆ ఘడియలోనే పడేది.

ఈలోగా మిగతావాళ్లకి సంగతి బోధపడింది. గెడ్డవలస అన్న మాట వినగానే అందరూ తమ తమ పట్టీలు చూసుకున్నారు. మెత్తగా ఉంటే కొండే గతి. అందుకని ఐదింటికి ఐదు నిమిషాలుందనగా ఆఫీసంతా లేచి నిలబడి అరవడం మొదలుపెట్టింది. ఇవాళ అరిచినవాళ్లు రేపు ఏడవాలి, ఎల్లుండి మళ్లీ అరవాలి, లేకపోతే వెడల్పు రాదు. ఇందుమతి బీరువాని తిట్టేది. చాపల విభాగం వాళ్లు చీపుళ్ల విభాగాన్ని ఏడు తరాలు వెనక్కెళ్లి దులిపేవారు. రోడ్డు మీద జనం ఆగి చూసేవారు. గేటు దగ్గర వేరుశనక్కాయల బండి పెట్టారు, బేరం బాగుండి పక్కన మొక్కజొన్న పొత్తుల బండి కూడా వచ్చింది. చీపుళ్లు కొనడానికొచ్చిన షావుకార్లు ఐదింటి దాకా ఆగి, చూసి, కొనకుండా వెళ్లిపోయేవారు.

ఒడిదొడుకుల్లో రాష్ట్రంలోకెల్లా కాకినాడ పట్టీ వెడల్పని హైదరాబాదు దాకా పాకింది. మేనేజింగ్ డైరెక్టరు వసుంధరాదేవి గారు స్వయంగా తనిఖీకి బయల్దేరారు. ఆవిడ వచ్చే రోజు, వీరభద్రం గారి పక్షం గడువు ముగిసే రోజు ఒకటే అయ్యాయి.

ఆ పొద్దున ఇంట్లో ఇద్దరూ సరిగ్గా తినలేదు. "నేను సాయంత్రం లోపలికొస్తాను. మీ ఎదురుగా నుంచుంటాను. ధైర్యంగా అరవండి" అంది మంగతాయారు.

"అరుస్తానే. గెడ్డవలసలో నువ్వుండవు కదా" అన్నారు వీరభద్రం గారు.

సాయంత్రం ఎండీ గారు హాలు మధ్యలో కుర్చీ వేయించుకు కూర్చున్నారు. ఐదింటికి ఐదు నిమిషాలుందనగా కార్యక్రమం మొదలైంది. పెద్దావిడ వచ్చిందని ఎవరికి వారు శక్తికొద్దీ అరిచారు. జోగేశ్వర్రావు బల్లెక్కాడు. ఇందుమతి బీరువాని చెప్పుతో కొట్టింది. క్యాంటీన్ వాళ్లు, తమకి చార్టు లేకపోయినా, ఉత్సాహం ఆపుకోలేక గిన్నెలు మోగించారు.

"అద్భుతమైన అస్థిరత్వము! సంస్థ యొక్క జీవశక్తి ప్రస్ఫుటముగా గోచరించుచున్నది" అన్నారు ఎండీ గారు. పక్కనున్న దివాకరం గారికి వినపడలేదు. ఆవిడ మళ్లీ అరిచి చెప్పాల్సివచ్చింది.

దివాకరం గారు బదిలీ ఉత్తర్వు ఆవిడ ముందు పెట్టి, వీరభద్రం గారిని చూపించారు. "మేడమ్, ఇతనొక్కడే మిగిలాడు! ముగింపు చూసి సంతకం పెట్టండి!"

వీరభద్రం గారు లేచి నిలబడ్డారు. కాళ్లు ఎడం చేశారు. గాలి పీల్చారు. నోరు తెరిచారు. ఏదో అన్నారు కూడా. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. "సైలెన్స్!" అని దివాకరం గారు అరిచారు. అది కూడా ఒడిదొడుకే అనుకుని అందరూ ఇంకా రెచ్చిపోయారు.

గుమ్మంలో నుంచున్న మంగతాయారుకి ప్రాణం విలవిల్లాడింది. పాపం ఆయన ఇన్నాళ్లు కష్టపడి నేర్చుకున్న ఒక్క కేకా వీళ్లు వినకుండానే పోతుందే! ఆవిడ ఇంకేం ఆలోచించలేదు. ఈల నోట్లో పెట్టుకుని ఒక్క ఊదు ఊది, "సావధాన్!" అంది.

సర్కారు బళ్లో చదువుకున్నవాళ్ల ఒంట్లో ఆ మాట ఎక్కడో ఇరుక్కునే ఉంటుంది. హాలంతా ఒక్కసారి మడమలు కలిపిన చప్పుడైంది. జోగేశ్వర్రావు బల్ల మీదే చేతులు తొడలకి ఆనించి బిగుసుకుపోయాడు. ఇందుమతి చెప్పు చేతిలోంచి జారిపోయింది. దివాకరం గారు గడ్డం పైకెత్తి, ముందు వరసలో అందరికంటే నిటారుగా నిలబడ్డారు. ఎండీ గారు కుర్చీలోంచి లేచేసి, ఎందుకు లేచారో తెలియక, చూపు తిన్నగా పెట్టి నిలబడ్డారు. వాళ్లకి విశ్రామ్ చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఎవరూ కదల్లేదు. చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం.

ఇప్పుడు వీరభద్రం గారు అరవాలి. అందరూ వింటున్నారు.

ఆయన తలెత్తి చూశారు. గుమ్మంలో మంగ ఉంది. పరిగెత్తుకొచ్చినట్టుంది, నుదుట చెమట పట్టింది, కళ్లలో భయం, పెదాల దగ్గర ఈల. ఆవిణ్ణి చూడగానే ఆయనకి అన్నీ మర్చిపోయి మొహం విచ్చుకుంది.

"వచ్చేశావా? పద, ఇంటికెళ్దాం" అన్నారు.

గోడ గడియారం ఐదు కొట్టింది. మంగతాయారుకి కళ్లనీళ్లు తిరిగాయి. అంతా అయిపోయిందనుకుంది.

ముందుగా తేరుకున్నవారు ఎండీ గారు. ఆవిడ హాలు నలుమూలలా చూశారు. గోడ మీద చార్టులు చూశారు. ఆవిడ మొహం పాలిపోయింది.

"దివాకరం గారూ, ఇప్పుడు వీరందరి ముగింపు ధర ఎంత?"

దివాకరం గారు నోరు మాత్రం కదిపారు. "సున్నా అండి."

"అందరిదీ?"

"అందరిదీ సున్నాయే అండి."

"అనగా యావత్ కార్యాలయము ఏకకాలమున స్క్వీజ్‌లోకి వెళ్లినది! ఇటువంటి సంకోచము చరిత్రలో లేదు! ఇది పేలినచో కాకినాడ ఏమి కావలె? ఉత్తర్వు ప్రకారము వీరినందరినీ తక్షణము గెడ్డవలసకు తరలించుడు!"

"మేడమ్, నేను కొలిచేవాణ్ణండి, కొలతలో లేనండి!"

"ముందు వరసలో అందరికన్నా నిటారుగా ఉన్నది మీరే కదా."

దివాకరం గారు ఆ సంగతి కాదనలేకపోయారు. ఇంకా సావధాన్‌లోనే ఉన్నారు మరి.

ఎండీ గారు కలం తీసి సంతకం పెట్టబోతూ వీరభద్రం గారి పేరు దగ్గర ఆగారు. "ఇతనిని వీరితో పంపుటకు వీలులేదు. ఇతను అత్యంత తీవ్రమైన కేసు. జనసంచారము లేని ప్రదేశమున ఉంచవలెనని ఉత్తర్వు స్పష్టముగా చెప్పుచున్నది. వీరందరూ వెళ్లిన పిదప గెడ్డవలసలో జనసంచారము ఉండును కదా?"

"ఉంటుందండి" అన్నారు దివాకరం గారు ఏడుపు గొంతుతో.

"మరి జనసంచారము లేని ప్రదేశము ఏది?"

హాల్లో అందరూ ఆలోచించారు. చివరికి బల్ల మీంచి జోగేశ్వర్రావే చెప్పాడు. "మేమందరం పోతే ఇదేనండి, ఈ ఆఫీసేనండి."

ఎండీ గారు సంతృప్తిగా తలూపి, గెడ్డవలస కొట్టేసి, కాకినాడ అని రాశారు.

ఆ వారంలోనే లారీలొచ్చి ఆఫీసుని కొండెక్కించాయి. గెడ్డవలసలో ఇప్పటికీ సాయంత్రం ఐదింటికి అందరూ అరుస్తారట. ఎదుటి కొండ తిరిగి అరుస్తుందట. దివాకరం గారు ఆ కొండక్కూడా ఓ చార్టు తెరిచారట. దాని పట్టీ తన పట్టీకన్నా వెడల్పుగా వస్తోందని ఆయన బెంగ పెట్టుకున్నారని వినికిడి.

కాకినాడలో వీరభద్రం గారొక్కరే. పేపర్ వెయిట్లన్నీ ఆయనవే. వేడి టీ ఫ్లాస్కులో ఇంటి నుంచే తెచ్చుకుంటారు. నాలుగింటికి ఫోను మోగుతుంది.

"వీరభద్రం గారూ, ఏవైనా పేలిందా?" అని కొండ మీంచి దివాకరం గారు అడుగుతారు.

"ఇంకా లేదండి."

"జాగ్రత్తండి!"

"అలాగేనండి. మీరూ జాగ్రత్తండి."

ఐదవుతుంది. గేటు దగ్గర స్కూటరు ఆగుతుంది. ఆయన ఫ్యాను కట్టేసి, తాళం వేసి, వెనక సీటు ఎక్కుతారు. ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, వరండాలో నుంచుంటారు. మంగతాయారు రెండు గ్లాసుల టీ తెచ్చి గట్టు మీద పెడుతుంది. మెడలో ఈల తీసి మేకుకి తగిలిస్తుంది.

"విశ్రామ్" అంటుంది మెల్లిగా.

వీరభద్రం గారు ఆవిడ పక్కన కూర్చుంటారు.